మొదటి తాంబూలం డాట్ కామ్

సోమవారం పొద్దున్న చద్దన్నంలో నెత్తళ్ళ ఇగురు నంజుకుంటూ దుర్గారావు ఆ వారం జరగాల్సినవి మనసులో వరసగా పేర్చుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నానికల్లా తన సైటులో గోల్డు సభ్యత్వం మొదలుపెట్టాలి. శుక్రవారంలోపు ఎవరో ఒకరు డబ్బిచ్చి దాన్ని కొనాలి. శుక్రవారం సాయంత్రం మేనమామ కూతురు సుధారాణితో తన పెళ్ళికి తాంబూలాలు పుచ్చుకోవాలి. చేప వలలో పడకముందే పులుసుకి చింతపండు నానబెట్టడం అతనుండే జాలరిపేటలో ఆడవాళ్ళెవరూ చెయ్యరు. ఎమ్.సి.ఏ. చదివిన మగవాళ్ళు చేస్తారు.

అది రెండు వేల ఎనిమిదో సంవత్సరం. చదువైన కుర్రాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కడానికి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్తుంటే, దుర్గారావు కాంప్లెక్సు దాకా వెళ్ళి ఆ పక్కనే ద్వారకా నగర్‌లో ఆగిపోయాడు. బ్యాంకు పరీక్షల కోచింగు సెంటరుకీ స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకీ మధ్య ఇరుక్కున్న గది ఒకటి అద్దెకి తీసుకుని, సీతమ్మధార స్నేహితుడు సాయిశంకర్‌తో కలిసి ‘మనపేట డాట్ కామ్’ పెట్టాడు. సముద్రం ఒడ్డునున్న వాళ్ళ పేట జనంలో చాలామంది చేపల వేట కోసం వేరావల్‌లోనో, పారాదీప్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో ఉంటారు. పేటలో పెళ్ళైనా, కొత్త బోటు నీళ్ళలోకి దిగినా, పిల్ల పుట్టినా ఆ ఫొటోలు సైటులోకి ఎక్కేవి. దూరాన ఉన్నవాళ్ళు అక్కడి నెట్ సెంటర్లలో కూర్చుని చూసుకునేవాళ్ళు, కింద నాలుగు మాటలు రాసేవాళ్ళు, కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. డబ్బు మాత్రం ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. మనవాళ్ళని మనం చూసుకోడానికి డబ్బులేమిటని నవ్వేవాళ్ళు.

అందరికన్నా గట్టిగా నవ్వింది మేనమామ పైడయ్య. ఆయన పేటకి కులపెద్ద. తగువులు తీర్చేదీ, జరిమానాలు వేసేదీ, పెళ్ళిళ్ళకి ముహూర్తం ఒప్పుకునేదీ ఆయనే. మేనల్లుడంటే ప్రేమే, కానీ షట్టరు లేని కొట్టుని నమ్మే మనిషి కాదు. మొన్న ఆదివారం ఆ మాటే తేల్చి చెప్పేశాడు.

"మా సేప ఒడ్డుకొచ్చీసరికి ఏలంపాటలో కొనీవోడుంటాడు. నీ కంపూటర్ల సరుకు ఎవుడు కొంటాడ్రా? ఒక్క గిరాకీని సూపించు. తన డబ్బు తనిష్టంగా ఇచ్చినోడు ఒక్కడుంటే సాలు. సుక్కురారం తాంబూలాలిచ్చీసుకుందాం."

ఆ రోజు పక్కనే ఉన్న సాయిశంకర్ అందుకున్నాడు. ఈ సాయిశంకర్ ఎక్కడెక్కడి నెట్‌వర్కుల సంగతులో రాత్రింబవళ్ళు చదివే రకం. సైటు అంటే సినిమా హాలు లాంటిదేనని పైడయ్యకి విడమరిచి చెప్పాడు. నేల టిక్కెట్టు ఊరికే ఇచ్చేస్తారట. బాల్కనీకి మాత్రం డబ్బులట. బాల్కనీ ఒకటుందని తెలిస్తే చాలు, నేలమీద కూర్చున్నవాడికి నేల గుచ్చుకోవడం మొదలవుతుందట. బాల్కనీవాడికి ఏమిస్తారని పైడయ్య అడిగితే, అతని పేరు అందరికన్నా ముందు, పెద్దక్షరాల్లో, పక్కన బంగారు చుక్కతో కనిపిస్తుందని చెప్పాడు.

పైడయ్య చుట్ట వెలిగించుకున్నాడు. "బాల్కనీ ఎనకాల కదా బాబూ ఉంటాది? నీవేటి ముందరికి తెచ్చీసినావు?" అని అడిగాడు. అది ఉదాహరణ మాత్రమేనని సాయిశంకర్ నవ్వేశాడు. పెద్దవాళ్ళ ప్రశ్నలకి నవ్వి ఊరుకునేవాళ్ళకి ఏమవుతుందో అతనికి అప్పటికి తెలియదు.

సోమవారం ఆఫీసులో సాయిశంకర్ ముందే పథకం వేసి ఉంచాడు. బాల్కనీ రుచి తెలియకుండా ఎవరూ టిక్కెట్టు కొనరు కాబట్టి, సైటుని అందరికన్నా ఎక్కువసార్లు తెరిచి చూసేవాళ్ళు ఎవరో కంప్యూటరే ఏరి, వాళ్ళకి ఒక వారం గోల్డు ఉచితంగా ఇచ్చేస్తుంది. వారం తర్వాత చుక్క పీకేస్తే వాళ్ళే పరుగెత్తుకొచ్చి డబ్బు కడతారు. మిగతావాళ్ళ పేర్లు కూడా ఎవరెంత ఎక్కువ చూస్తే అంత పైకి వస్తాయి. దుర్గారావు తలూపాడు. నిజానికి అతను ఆ సమయంలో సుధారాణి శుక్రవారం ఏ రంగు చీర కడుతుందా అని ఆలోచిస్తున్నాడు. సాయిశంకర్ మీట నొక్కాడు. పాత వరస చెరిగిపోయి కొత్త వరస వచ్చింది. ఇద్దరూ కిందకి దిగి టీ తాగారు.

ఆ పాత వరస సంగతి ఇక్కడ చెప్పకపోతే పాఠకులు కూడా సాయిశంకర్‌లాగే మిగిలిపోతారు. పేటలో ఏ శుభకార్యం జరిగినా తాంబూలం ఇంటింటికీ ఒక వరసలో వెళ్తుంది. మొదటిది కులపెద్ద ఇంటికి, రెండోది ఫలానా ఇంటిపేరువాళ్ళకి, మూడోది ఫలానావాళ్ళకి. వరస తప్పితే ఆ తాంబూలం ఎవరూ ముట్టరు, ముట్టకపోతే శుభకార్యం ముందుకి కదలదు. తప్పు చేసినవాడికి వేసే పెద్ద శిక్ష కూడా తాంబూలం ఆపెయ్యడమే. సైటు పెట్టిన కొత్తల్లో ఎవరి పేరు ముందు రాయాలన్న పేచీ వస్తే, పైడయ్యే పక్కన కూర్చుని వరస చెప్పి, దుర్గారావు చేత తాంబూలాల ప్రకారం పేర్లు ఎక్కించాడు. అందుకని పేట జనానికి మనపేట డాట్ కామ్ అంటే గాజు తెర మీద కనిపించే తాంబూలాల వరస. సీతమ్మధారలో పుట్టిన సాయిశంకర్‌కి ఈ సంగతి తెలియదు. తెలిసిన దుర్గారావేమో చీర రంగు దగ్గర ఉన్నాడు.

టీ తాగి పైకొచ్చేసరికి ఫోను మోగుతోంది. వేరావల్ నుంచి ఎల్లాజీ. అక్కడున్న పేటవాళ్ళకి అతనే పెద్ద దిక్కు.

"అల్లుడూ, మీ పైడయ్య మావ పోయినాడేటి?"

దుర్గారావు పొద్దున్నే చూశాననీ, వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడనీ చెప్పాడు. అలాగైతే ఆయన పేరు అట్టడుగున, కాలం చేసిన పెద్దల ఫొటోల మధ్య ఎందుకుందని ఎల్లాజీ నిలదీశాడు. దుర్గారావు హడావుడిగా సైటు తెరిచాడు. నిజమే. జన్మలో ఒక్కసారి కూడా సైటు తెరవని పైడయ్యా, తెరవడానికి ఇక వీల్లేని పెద్దలూ కంప్యూటరు లెక్కలో ఒకటే అయ్యారు. అందర్నీ కలిపి అడుగున పడేసింది.

"పోకపోతే మరి దింపీసినారా?" అన్నాడు ఎల్లాజీ. దుర్గారావు అదీ కాదన్నాడు. గోల్డు గురించీ, బాల్కనీ గురించీ చెప్పబోయాడు. బాధలో ఉన్నవాడికి బాల్కనీ గురించి చెప్తే ఎలా ఉంటుందో ఎల్లాజీకి అలాగే ఉంది. కుర్రాడు చావుకబురు దాస్తున్నాడని అతను నిశ్చయించుకున్నాడు. కులపెద్ద పోతే ఆ రోజు బోట్లు వేటకి వెళ్ళకూడదు. వేరావల్‌లో పేటవాళ్ళ బోట్లన్నీ అప్పటికే కట్టేశామని చెప్పి ఫోను పెట్టేశాడు.

అప్పుడు దుర్గారావు తెర పైభాగం చూశాడు. మొదటి పేరు, పెద్దక్షరాల్లో, బంగారు చుక్కతో: అప్పలసూరి. రెండో పేరు సుధారాణి.

సుధారాణి పేరు రావడంలో వింత లేదు. పేటలో పెద్దల పేజీలన్నీ ఆమే తయారుచేసింది. అప్పలసూరి సంగతి వేరు. ఒకప్పుడు అతనూ పైడయ్యా ఒకే బోటుకి భాగస్తులు. తన వలకి చిక్కుకున్న పక్క బోటువాళ్ళ వలని అప్పలసూరి కోసేశాడన్న తగువు వస్తే పైడయ్య అతనికి జరిమానా వేశాడు. జరిమానా కట్టాడు గానీ, కడుతూ పైడయ్యని నలుగురిలో నోటికొచ్చినట్టు అన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంటికి తాంబూలం ఆగిపోయింది. అప్పలసూరి మొహం చెల్లక పారాదీప్ వెళ్ళి అక్కడే వేట చేసుకుంటున్నాడు. అంటే ఇప్పుడు పేట లెక్కలో తాంబూలం ఆగిపోయినవాడికి మొదటి తాంబూలం, కులపెద్ద కూతురికి రెండోది, కులపెద్దకి పిండాలు.

సాయంత్రం పేటకి వెళ్తే వీధి మొదట్లో నెట్ సెంటరు ముందు గుంపు కనిపించింది. పైడయ్య ఇంటి గుమ్మంలో అత్త చిట్టమ్మ అడ్డంగా నిలబడి ఉంది. మొగుడు బతికుండగా ఇంటికి ముగ్గురు పరామర్శకి వచ్చిపోయారన్న మంట ఆమె మొహంలో ఉంది. గుమ్మం పక్కన అరుగు మీద పైడయ్య చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. రోజూ ఈ వేళకి తగువులతో నిండిపోయే ఆ అరుగు మీద ఇంకెవరూ లేరు. దుర్గారావు జరిగింది చెప్పబోతే ఆయన తల ఎత్తలేదు.

"తాంబూలాల వరస తేలకుండా తాంబూలాలేటి? సుక్కురారం మాట మరిసిపో," అన్నాడు.

వీధి కొళాయి దగ్గర సుధారాణి బిందె నిండిపోయి పొర్లుతున్నా కదలకుండా నిలబడి ఉంది. "బావా, నీ సైటులో నాను మా నానకన్నా పెద్దదాన్నంట. మా నాన నాతో మాటాడడం మానీసినాడు. ఏటి సేసినావో అది తీసీ. తియ్యలేకపోతే నన్ను కూడా మరిసిపో," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుర్గారావుకి భయమేసింది. అప్పటిదాకా అది అతనికి సైటులో వచ్చిన తప్పు. అప్పట్నుంచి అతని బతుకులో వచ్చిన తప్పు.

పాత వరస తిరిగి పెట్టేస్తే పోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దుర్గారావుకీ అనిపించింది. కానీ పాత వరసని సాయిశంకర్ ఎక్కడా దాచలేదు. అది మొత్తం గుర్తున్నది పైడయ్య ఒక్కడికే, ఆయన మాట్లాడటం లేదు. వేరే ఎవర్నడిగినా తమ ఇంటిపేరు రెండోదేనని చెప్తున్నారు. పేటలో అన్ని రెండో ఇళ్ళు ఉన్నాయని దుర్గారావుకి అప్పుడే తెలిసింది.

మంగళవారం పొద్దున్న సాయిశంకర్ ఒక ఉపాయం చెప్పాడు. పైడయ్యకి కూడా ఉచితంగా గోల్డు ఇచ్చేస్తే గొడవ తీరిపోతుంది. ఇచ్చారు. కానీ గోల్డులో ముందు వచ్చినవాళ్ళది ముందు. పైడయ్య పేరు చచ్చినవాళ్ళలోంచి లేచి వచ్చి, అప్పలసూరి తర్వాత, సొంత కూతురి తర్వాత, మిగిలిన గోల్డువాళ్ళందరి వెనకా నిలబడింది. నిన్నటిదాకా ఏదో పొరపాటు జరిగిందేమోననుకున్నవాళ్ళు కూడా ఇప్పుడు నమ్మేశారు. పైడయ్యని దింపి, పాపం పాత మనిషి కదా అని చివర్లో చోటిచ్చారని చెప్పుకున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అదే రోజు అప్పలసూరి పారాదీప్ నుంచి దిగాడు. అతనెక్కిన రైలు విశాఖ స్టేషనులోకి రాకుండా బయటినుంచే పోయే రకం కావడంతో దువ్వాడలో దిగాడు. అతని తమ్ముళ్ళు ఆటో కట్టించుకుని ఎదురెళ్ళారు. సంచీ భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి అతను అడిగిన మొదటి మాట, "పైడయ్య పిలిసినాడా?" అని. పిలవడం కాదు, నిన్నే పెద్దని చేసేశారని తమ్ముళ్ళు చెప్పారు. అప్పలసూరికి అర్థం కాలేదు. సైటులో పైన తన పేరు చూసి, తనని క్షమించి తాంబూలం పంపుతున్నారేమోనన్న ఆశతో వచ్చిన మనిషి అతను. పెద్దరికం అతను కలలో కూడా అడగలేదు.

ఇంట్లో కాళ్ళు కడుక్కోకముందే తగువులు వచ్చిపడ్డాయి. బోటు ఇంజను పంచుకోలేని అన్నదమ్ములు వచ్చారు. కొళాయి దగ్గర వరస తప్పిందని ఇద్దరాడవాళ్ళు వచ్చారు. నా దగ్గరికెందుకు వచ్చారని అప్పలసూరి అడిగితే, నెట్‌లో ఉంది కదా అన్నారు. ఏం చెప్పాలో తెలియక అతను అన్నదమ్ములతో ఇంజను అమ్ముకుని డబ్బు పంచుకోమన్నాడు. ఇద్దరూ అతని మీదే తిరగబడ్డారు. సాయంత్రానికి ఆ అన్నదమ్ములు ఒక్కటైపోయారు గానీ, అప్పలసూరి భార్య అతనితో మాట్లాడటం మానేసింది.

బుధవారం సాయిశంకర్ గోల్డు మీద డైమండు కనిపెట్టి పైడయ్య ఒక్కడికే ఇచ్చి పైన కూర్చోబెట్టాడు. గంట తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. పైడయ్యకి డైమండైతే మా ఇంటికి ఏమిటని ఒకరు, డైమండుకి ఎంతవుతుందని ఇంకొకరు, డబ్బు ఎంతైనా ఇస్తాం గానీ ఫలానావాళ్ళకి మాత్రం ఇవ్వకూడదని మరొకరు. సాయిశంకర్ ఆనందం పట్టలేక కుర్చీ ఎక్కాడు. బాల్కనీ కథ నిజమైంది. జనం డబ్బు పట్టుకుని నిలబడ్డారు.

దుర్గారావు మాత్రం తల పట్టుకున్నాడు. మామ అడిగిన గిరాకీ ఒకరు కాదు, వీధంతా వచ్చింది. అందులో ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నా మిగతావాళ్ళు తాంబూలం ముట్టరు. ఎవరూ ముట్టని తాంబూలాలతో సుధారాణిని ఎవరిస్తారు? అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి తాంబూలాల మూలంగానే తెలిసొచ్చింది.

"బావా, నాను ఇది అమ్మను," అన్నాడు సాయిశంకర్‌తో.

"గిరాకీ లేదని ఏడిచావు. వచ్చాక అమ్మనంటావేంటి బావా?"

"నాకేటి తెల్దు. అందర్నీ సమానం సేసీ."

సాయిశంకర్ విసుక్కుంటూ గోల్డూ డైమండూ తీసేసి, వరస అనేదే లేకుండా చేశాడు. అంటే సైటు తెరిచిన ప్రతిసారీ పేర్లు కలగాపులగమై ఎవరో ఒకరు పైకి వస్తారు. ఇంతకన్నా సమానత్వం ఎక్కడా ఉండదన్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. నెట్ సెంటర్లో ఒక కంప్యూటర్లో ఒక పెద్ద, పక్క కంప్యూటర్లో ఇంకో పెద్ద. పొద్దున్న చూసినవాళ్ళకి ఒకరు, సాయంత్రం చూసినవాళ్ళకి మరొకరు. ఎవరు చూసింది వాళ్ళు ఒట్టేసి చెప్తున్నారు. సూర్యకాంతమ్మ అనే ఆవిడ తన మొగుడి పేరు పైకి వచ్చేదాకా మీట నొక్కించి, వచ్చాక ఎవర్నీ మౌసు ముట్టుకోనివ్వకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వార్త చేరేసరికి ఇంజను అన్నదమ్ములు, ఎక్కువ నచ్చే తీర్పు దొరుకుతుందేమోనని వాళ్ళింటికి బయల్దేరారు.

గురువారం సాయంత్రం చిట్టమ్మ పేటలో ఇంటింటికీ కబురు పంపింది. తన కూతురికి తాంబూలాలు ఉన్నాయో లేవో రామకోవెల దగ్గర అందరూ కలిసి తేల్చమంది. అందరూ వచ్చారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తెలియక సగంమంది నిలబడే ఉన్నారు. పైడయ్య ఎప్పుడూ కూర్చునే మెట్టు ఖాళీగా ఉంది. ఆయన కింద ఇసకలో కూర్చున్నాడు. అప్పలసూరి ధ్వజస్తంభం వెనక నిలబడ్డాడు. దుర్గారావు, సాయిశంకర్ నేరస్తుల్లా ఒక పక్కన ఉన్నారు.

ఎవరు మొదలుపెట్టాలో తేలకముందే వీధి చివర్నుంచి ఏడుపు వినిపించింది. వేరావల్ నుంచి రైళ్ళు మారి మారి వచ్చిన ఎల్లాజీ, తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో వాడిపోయిన బంతిపూల దండతో పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే చిట్టమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, ఆఖరి చూపు కూడా దక్కలేదని గుండెలు బాదుకున్నాడు.

"ఉన్నాన్రా ఎల్లాజీ," అన్నాడు పైడయ్య ఇసకలోంచి.

ఎల్లాజీ ఏడుపు సగంలో ఆగింది. అతను పైడయ్యని చూశాడు, దండని చూశాడు, మళ్ళీ పైడయ్యని చూశాడు. "మరి మా బోట్లెందుకు కట్టీసినాం?" అన్నాడు. అతను దండని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

ఇక లాభం లేదని దుర్గారావు ముందుకొచ్చాడు. చదువుకున్నవాడిలా మాట్లాడదామని ఇంటి దగ్గర సాధన చేసిన మాటలన్నీ పక్కన పెట్టేశాడు. "తప్పు నాదే మావా. ఎవుల్నీ ఎక్కించాలనీ దింపాలనీ సెయ్యలేదు. పేటని ఎవులు ఎక్కువ సూత్తారో ఆళ్ళ పేరు ముందెట్టమన్నాం. కంపూటరు లెక్కెట్టింది. మనందరిలోకీ ఎక్కువ సూసినోడు అప్పలసూరి సిన్నాన."

అందరూ ధ్వజస్తంభం వైపు తిరిగారు. అప్పలసూరి తల దించుకున్నాడు.

"నిజమేట్రా సూరీ?" అన్నాడు పైడయ్య.

"పిలుపు నేదు కదా," అన్నాడు అప్పలసూరి. "వేట నుంచి రాగానే నెట్ సెంటరుకి ఎల్లీవోణ్ణి. నా తమ్ముడి కొడుకు పెళ్ళి అందులోనే సూసినాను. మన రెండు పేర్లూ రాయించిన పాత బోటు ఫొటో ఒకటుంది. అది తీసి సూసుకునీవోణ్ణి."

పైడయ్య చేతిలోని ఇసక జారవిడిచాడు. ఆయన కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. జరిమానా కట్టినవాడికి తాంబూలం ఆపడం న్యాయం కాదనీ, పౌరుషం కొద్దీ ఆపాననీ, ఆ తప్పు తనదేననీ నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. రేపటి మొదటి తాంబూలం సూరి ఇంటికి తానే స్వయంగా తీసుకెళ్తానన్నాడు. అప్పలసూరి మొహం తువ్వాల్లో దాచుకున్నాడు.

మరి వరస మాటేమిటని ఎవరో గొణిగారు. పైడయ్య లేచి ఇసక దులుపుకున్నాడు.

"ఈ నాల్రోజులూ నా గుమ్మం ఎవుడూ తొక్కలేదు. వల అల్లుకున్నాను. మద్దేన్నం పడుకున్నాను. మీ అత్తతో కూకుని కాపీ తాగినాను, ఎన్నాళ్ళైందో. కోవెల కాడ పెద్దరికం మీరు సెయ్యమంటే సేత్తాను. అల్లుడూ, ఆ కంపూటర్ల మట్టుకు నా పేరు ముందొద్దు. ఎనక్కి తోసీ. కనపడకపోతే మరీ మంచిది. ఏటవుతాదో సెప్పు, ఇచ్చీస్తాను."

దానికి డబ్బెందుకు, ఊరికే చేస్తానని దుర్గారావు అనబోయాడు. సాయిశంకర్ అతని కాలు తొక్కాడు. నాలుగు రోజులుగా ఏమీ అర్థంకాక తిరుగుతున్న అతని బుర్రలో అప్పుడే ఒక దీపం వెలిగింది. "అది ప్రీమియం సభ్యత్వం కిందకి వస్తుంది పైడయ్య గారూ," అన్నాడు.

"నాను ముందే అడిగినాను కదా బాబూ," అన్నాడు పైడయ్య, నడుముకి కట్టిన సంచీ విప్పుతూ. "బాల్కనీ ఎనకాలే ఉంటాది."

ఆయన డబ్బు మేనల్లుడి చేతిలో పెట్టాడు. అప్పలసూరి కూడా వచ్చి తన పేరు కనిపించకూడదనీ, తను మాత్రం చూస్తూ ఉండాలనీ అడిగాడు. అతని వెనకాల సూర్యకాంతమ్మ వచ్చింది. ఇంజను అన్నదమ్ములు నిన్నట్నుంచి వాళ్ళింటి అరుగు దిగడం లేదట. మొగుడి పేరు వెంటనే దాచెయ్యమంది. వాళ్ళు ముగ్గురూ కనబడకుండా పోతే తమ పేరు పైకి వస్తుందేమోనని మిగతావాళ్ళు కంగారుపడటం మొదలైంది. నిన్న డైమండుకి ఎగబడ్డవాళ్ళే ఇప్పుడు దాక్కోడానికి వరస కట్టారు. ఎల్లాజీ ఎందుకో తెలియకుండానే తనూ కట్టాడు. అందరూ కడుతుంటే కట్టకపోవడం బాగుండదని అతనికి అనిపించింది.

చిట్టమ్మ ఇదంతా చూసి మొగుడి దగ్గరికొచ్చింది. "తనిష్టంగా డబ్బిచ్చిన గిరాకీ ఒక్కడు కావాలన్నావు. నీవే దొరికినావు," అంది. పైడయ్య చుట్ట కోసం జేబులు తడుముకున్నాడు. సుధారాణి దుర్గారావు వైపు చూసి నవ్వింది. సోమవారం నుంచి అతను అర్థం చేసుకోగలిగిన మొదటి సంగతి ఆ నవ్వే.

శుక్రవారం సాయంత్రం తాంబూలాలు పుచ్చుకున్నారు. పైడయ్య మొదటి పళ్ళెం పట్టుకుని అప్పలసూరి ఇంటికి నడిచివెళ్ళాడు. ఎల్లాజీ తెచ్చిన దండ వాడిపోయినా పారెయ్యడం ఇష్టంలేక సాయిశంకర్ మెడలో వేశారు. సుధారాణి కట్టింది నీలం చీర.

మనపేట డాట్ కామ్ ఇప్పటికీ బాగానే నడుస్తోంది, డబ్బు కట్టిన సభ్యులు కూడా బోలెడుమంది ఉన్నారు. వాళ్ళెవరో చూపించమంటే మాత్రం కుదరదు, వాళ్ళు కట్టింది అందుకే.